పరీక్ష కాని పట్టా

అమ్మలూ,

నువ్వు రైలు పట్టాల మీద నడుస్తూ వాటిని పరీక్షించే కారు మీద ఉద్యోగంలో చేరుతున్నావని మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. అప్పటి నుంచి మీ పెద్దమ్మ వీధిలో కనిపించిన వాళ్లందరికీ చెబుతోంది. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మన ఇంట్లో నా తర్వాత పట్టాల మీదికి వెళ్లేది నువ్వేనని గర్వం. వెళ్లేది నువ్వేనని భయం కూడా.

చిన్న విషయాలు ముందే చెప్పేస్తాను. ఉత్తరాది చలి మనకు తెలిసిన చలి కాదు, ఉన్ని బట్టలు ఇక్కడే కొనుక్కో. తిండి వేళకు దొరకదు, సంచిలో అటుకులు, బెల్లం పెట్టుకో. కారు ఊగుతుంటే తెర వంక చూస్తే మొదట్లో తల తిరుగుతుంది, నాలుగు రోజులకు అలవాటవుతుంది.

లోపం కనబడిందని కారు దిగేటప్పుడు జాగ్రత్త. మీ కారు నిలబడిన లైన్ బ్లాక్‌లో ఉంటుంది, అంటే మీ పని కోసం మూసి ఉంచుతారు, దాని మీద బండి రాదు. పక్క లైన్ మీద వస్తుంది. బండి వస్తోందేమో కాపలా కాసే లుకౌట్ మనిషి దూరంగా వెళ్లి నిలబడి చెయ్యి ఊపే దాకా కాలు కింద పెట్టకు. తల వంచి రంగు గుర్తు వేస్తున్న మనిషికి వెనక నుంచి వచ్చే బండి చప్పుడు వినిపించదు. వినిపిస్తుందని అందరూ అనుకుంటారు. ఫోన్ కారులోనే వదిలిపెట్టు. "సరేలే పెదనాన్నా" అని నవ్వి ఊరుకోకు, మాట తప్పావని తెలిస్తే నేనే వచ్చి ఇంటికి తీసుకొచ్చేస్తాను.

ఇక పని. మన దగ్గర పరీక్ష కార్లు రెండు రకాలు, నీకు పాఠంలో చెప్పే ఉంటారు. ట్రాక్ రికార్డింగ్ కారు దారి ఆకారం చూస్తుంది. రెండు పట్టాల మధ్య దూరం, అంటే 1676 మిల్లీమీటర్ల గేజ్, ఎక్కడ పెరిగింది, ఎక్కడ తగ్గింది, రెండు పట్టాల ఎత్తు ఎక్కడ తేడా వచ్చింది, దారి ఎక్కడ మెలి తిరిగింది అన్నీ రాస్తూ పోతుంది. కానీ పట్టా కడుపులో పగులుంటే దానికి తెలియదు. అది మీ అల్ట్రాసోనిక్ కారు పని. 1928లోనే అమెరికాలో ఎల్మర్ స్పెరీ పట్టాల్లోకి కరెంటు పంపి లోపలి పగుళ్లు పట్టే కారు నడిపాడు. ఇప్పుడు మనం ధ్వనిని పంపుతున్నాం. సంతలో కుండ కొనేవాళ్లు వేలితో కొట్టి వింటారే, అదే విద్య ఇది. ధ్వనిని పంపి తిరిగొచ్చేదాన్ని పట్టే పరికరమే ప్రోబ్. 70 డిగ్రీల ప్రోబ్ పట్టా తలలో అడ్డంగా పెరిగే పగుళ్లను వెతుకుతుంది. 0 డిగ్రీల ప్రోబ్ పంపే ధ్వని నిలువుగా దిగి అడుగును తాకి వెనక్కి వస్తుంది. అడుగు నుంచి తిరిగొచ్చే ఆ ప్రతిధ్వనిని, అంటే అడుగు ఎకోను, ఎప్పుడూ కనిపెట్టుకుని ఉండు. ఎందుకో చెబుతాను.

నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో ఒక సీనియర్ దగ్గర ఉండేవాణ్ని. ఆయన పట్టా పరీక్షించే ట్రాలీ మెషీన్ తోస్తుంటే నేను నీళ్ల డబ్బాలు మోసేవాణ్ని. ప్రోబ్‌కూ పట్టాకూ మధ్య నీటి పొర ఉండాలి. గాలి ఉంటే ధ్వని ఉక్కులోకి దిగదు. ఆయన దొంగపని చేసే మనిషి కాదు. తన క్యారియర్‌లో నాకు సగం పెట్టకుండా ఎప్పుడూ తినలేదు. ఒక ఎండాకాలం మధ్యాహ్నం డబ్బాలు అయిపోయాయి. గేటు దగ్గర కుళాయి కూడా ఎండిపోయింది. తర్వాతి స్టేషన్ కనిపిస్తూనే ఉంది. సాయంత్రానికి సెక్షన్ పూర్తయిందని చెప్పాలి. ఆయన ఆ మిగిలిన ముక్కంతా పొడి పట్టా మీదే తోసుకెళ్లాడు. తెర మీద ఏమీ రాలేదు. లోపం లేదని రిజిస్టర్‌లో రాశాడు.

తెర మీద లోపం రాని మాట నిజమే. అడుగు ఎకో కూడా రాలేదు. ధ్వని అసలు లోపలికే వెళ్లలేదు.

ఆ చలికాలం ఒక తెల్లవారుజామున, రోజూ పట్టాల వెంట నడిచి చూసే కీమ్యాన్ నడుస్తూ నడుస్తూ, ఆ ముక్కలోనే పట్టా విరిగి సందు తెరుచుకుని ఉండటం చూశాడు. చలికి పట్టా ముడుచుకుంటుంది, లోపల పగులున్న చోట తెగుతుంది. ఎర్ర దీపం పెట్టి, బండి చక్రం కింద పేలి డ్రైవర్‌ను హెచ్చరించే డిటోనేటర్లు పెట్టడానికి 1200 మీటర్ల దాకా చీకట్లో పరుగెత్తాడు. వస్తున్న ప్యాసింజర్ ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. విరిగిన ముఖాన్ని నేను చూశాను. ఒక మూల నల్లగా, పాతదై ఉంది, మిగతాదంతా కొత్త ఉక్కులా మెరుస్తోంది. నల్లటి భాగం నెలల తరబడి పెరిగిన పగులు, మెరిసేది ఆ రాత్రి తెగింది. నీళ్లుంటే మెషీన్ దాన్ని పట్టేది. ఆ రిజిస్టర్‌లో తడి పట్టాకూ పొడి పట్టాకూ తేడా లేదు, రెండింటికీ ఒకటే మాట రాసి ఉంది.

అందుకే చెబుతున్నాను. మీ కారు వేగంగా పోతుంది, నీళ్లు యంత్రమే చల్లుతుంది. కానీ పట్టా మీద గ్రీజు ఉంటుంది, మట్టి ఉంటుంది, వంపుల్లో ప్రోబ్ పక్కకు జరుగుతుంది. పైన సన్నటి పగుళ్లు ఎక్కువైతే వాటి కింద ఉన్న పెద్ద పగులు దాక్కుంటుంది. అలాంటి చోట ఎకో పోతే "లోపం లేదు" అని రాయొద్దు. "పరీక్ష కాలేదు" అని రాయి. కిలోమీటరు, పక్కనున్న కరెంటు స్తంభం మీది మాస్ట్ నంబరు వేసి రాయి. చేతి మెషీన్ వాళ్లు వెళ్లి చూస్తారు. ఎన్ని కిలోమీటర్లు పూర్తయ్యాయని పైవాళ్లు అడుగుతారు, విసుక్కుంటారు. విసుక్కోనీ.

ఇంకోటి. లోపం దొరికాక కాగితం పంపేసి పని అయిపోయిందనుకోకు. ఇంగ్లండులో హాట్‌ఫీల్డ్ దగ్గర 2000 అక్టోబరు 17న లండన్ నుంచి లీడ్స్ వెళ్తున్న బండి గంటకు 185 కిలోమీటర్ల వేగంలో పట్టా తప్పింది. నలుగురు చనిపోయారు, డెబ్బై మందికి పైగా గాయపడ్డారు. బండి కింద పట్టా 300కు పైగా ముక్కలైంది. ఆ పట్టా పాడైందని ముందే తెలుసు. మార్చడానికి కొత్త పట్టా తెచ్చి పక్కనే పడేశారు కూడా. వేగం మాత్రం తగ్గించలేదు. అది చదివినప్పుడు నాకు వచ్చిన కోపం ఇప్పటికీ తగ్గలేదు. మన దగ్గర వెంటనే మార్చాల్సిన లోపమైతే బండ్లకు గంటకు 30 కిలోమీటర్ల వేగ ఆంక్ష పెట్టాలి, 3 రోజుల్లో పట్టా ముక్క మార్చాలి. ఆంక్ష పడిందో లేదో నువ్వే ఫోన్ చేసి అడుగు. అది నా పని కాదు అనుకోకు తల్లీ.

మొదటి జీతంతో మీ అమ్మకు చీర కొను, నాకేమీ వద్దు. చేరిన వారంలో ఒకసారి ఫోన్ చెయ్యి. క్వార్టర్ ఎలా ఉందో తర్వాత చెబుదువుగాని. మీ కారు నీళ్ల ట్యాంకులో ఎన్ని లీటర్లు పడతాయి, దారిలో ఎక్కడెక్కడ నింపుతారు, ముందు అది చెప్పు.

మీ పెదనాన్న