బయోసేఫ్టీ కొలువు కావాలా? అప్పు చేసే ముందు నీ ల్యాబులోనే నేర్చుకో

తమ్ముడూ, నువ్వు రాసింది ఇదీ: ఉస్మానియాలో ఎమ్మెస్సీ మైక్రోబయాలజీ, మూడేళ్లుగా శామీర్‌పేట దగ్గర వ్యాక్సిన్ యూనిట్‌లో క్యూసీ (నాణ్యత పరీక్షల) ఉద్యోగం, ఆగస్టులో అమెరికాలో ఎంఎస్. అక్కడికెళ్లాక బయోసేఫ్టీ (ల్యాబులో మనుషుల్ని సూక్ష్మజీవుల నుంచి కాపాడే పని) వైపు పోవాలని ఉంది. అమీర్‌పేటలో ఒకచోట 40 వేలు కడితే అంతర్జాతీయ బయోసేఫ్టీ ఆఫీసర్ సర్టిఫికెట్ ఇస్తామంటున్నారు, కట్టమంటావా అక్కా అని అడిగావు.

కట్టొద్దు. ఇల్లు తాకట్టు పెట్టి బ్యాంకు లోను తీసుకున్నవాడివి, ఒక్కో వెయ్యి చూసుకోవాలి. అక్కడి యూనివర్సిటీలు, కంపెనీలు గుర్తించేవి బయోసేఫ్టీ నిపుణుల సంఘం ఏబీఎస్ఏ ఇంటర్నేషనల్ ఇచ్చే ఆర్‌బీపీ, సీబీఎస్‌పీ అనే రెండు అర్హతలు, అంతర్జాతీయ బయోసేఫ్టీ సంఘాల సమాఖ్య ఐఎఫ్‌బీఏ ఇచ్చే సర్టిఫికెట్లు. అవి ఉద్యోగంలో కొన్నేళ్లు గడిచాక సంగతి, చాలాసార్లు ఫీజు కంపెనీయే భరిస్తుంది. చదవాల్సినవి మాత్రం ఉచితం: అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థలు సీడీసీ, ఎన్ఐహెచ్ కలిసి వేసిన ల్యాబు భద్రత పుస్తకం బీఎంబీఎల్ 6వ కూర్పు (2020), ప్రపంచ ఆరోగ్య సంస్థ ల్యాబొరేటరీ బయోసేఫ్టీ మాన్యువల్ 4వ కూర్పు (2020), జన్యువులు మార్చే పరిశోధనలకి ఎన్ఐహెచ్ పెట్టిన గైడ్‌లైన్స్. మూడూ దింపుకుని విద్యానగర్‌లో జిరాక్స్ తీయించి స్పైరల్ వేయించుకో. మొత్తం ఖర్చు అంతే.

అసలు ఖరీదైన చదువు నీ చేతికింద ఇప్పుడే ఉంది. జీనోమ్ వ్యాలీలో జీతం తీసుకుంటూ ఊరికే నేర్చుకోగలిగిన పనిని అక్కడ డాలర్లు కట్టి, క్లాసులో బొమ్మల్లో చూడాల్సి వస్తుంది. నేను అలాగే చేశాను కాబట్టి చెబుతున్నా. నా మొదటి ఏడాది తప్పులన్నీ హైదరాబాద్‌లోనే దిద్దుకోదగ్గవి.

అన్నిటికన్నా పెద్ద తప్పు ఆలోచనది. జీఎంపీ (మందుల తయారీ నాణ్యతా నియమాలు) పాటించే ల్యాబు నుంచి వచ్చినవాళ్లకి మొదట గుర్తొచ్చేది ప్రొడక్ట్. గది శుభ్రంగా ఉండాలి, కాబట్టి గదిలో పాజిటివ్ ప్రెషర్, గాలి లోపల్నుంచి బయటికి. బయోసేఫ్టీలో మొదట మనిషి. బీఎస్ఎల్-3 (ప్రమాదకర సూక్ష్మజీవుల కోసం, నాలుగింటిలో మూడో భద్రతా స్థాయి) గదిలో గాలి ఎప్పుడూ కారిడార్ నుంచి లోపలికే రావాలి, బయటికి పోకూడదు. ఇంటర్వ్యూలో ఎయిర్‌ఫ్లో ఎటు అని అడిగితే అలవాటు కొద్దీ పాజిటివ్ అంటే అక్కడితో అయిపోయినట్టే. బతికున్న సూక్ష్మజీవితో టీకా తయారుచేసే యూనిట్లలో రెండూ కావాలి. అందుకే మధ్యలో ఎయిర్‌లాక్ (రెండు తలుపుల చిన్న గది) పెట్టి అక్కడి ప్రెషర్‌ని రెండువైపుల కన్నా ఎక్కువగానో తక్కువగానో ఉంచుతారు. మీ యూనిట్‌లో అది ఎక్కడుందో, గేజ్ ఎంత చూపిస్తుందో, అలారం ఎంత దగ్గర మోగుతుందో ఇంజినీరింగ్ వాళ్లని అడిగి చూడు.

తర్వాతది మాట తప్పు. మన దగ్గర వడగట్టిన గాలి వదిలే పని పెట్టెలన్నిటినీ 'లామినార్' అంటాం. హారిజాంటల్ లామినార్ గాలిని నేరుగా పనిచేసేవాడి మొహం మీదికి తోస్తుంది. మీడియా (సూక్ష్మజీవుల్ని పెంచే ఆహారం) పోసుకోడానికి పనికొస్తుంది గానీ కల్చర్ (పెంచిన సూక్ష్మజీవులు) తెరవడానికి పనికిరాదు. కల్చర్‌కి వాడేది బయోసేఫ్టీ క్యాబినెట్, ఎక్కువగా క్లాస్-2 ఏ2 రకం. అందులో గాలి ముందు గ్రిల్ గుండా లోపలికి లాక్కోబడుతుంది. సుమారు 70 శాతం హెపా (సన్నని రేణువుల్ని పట్టే ఫిల్టర్) గుండా తిరిగి పని జాగా మీదికి దిగుతుంది, 30 శాతం ఇంకో హెపా గుండా బయటికి పోతుంది. ముందు తెరిచిన చోట తెరలా నిలిచే గాలి వేగం నిమిషానికి కనీసం 100 అడుగులు, అంటే సెకనుకి అర మీటరు. మనిషి మామూలు నడక దానికి రెండింతల పైనే. వెనక ఎవరైనా గబగబా నడిచినా, తలుపు ధడాలున తీసినా ఆ గాలి తెర చిరిగిపోవడానికి కారణం ఇదే. మన ల్యాబుల్లో క్యాబినెట్ పైనే ఏసీ వెంట్, పక్కనే సీలింగ్ ఫ్యాన్ ఉంటాయి. అవి కూడా అదే చేస్తాయి.

నేను క్యాబినెట్ ముందు చేసిన తప్పులు వరసగా రాస్తాను, రేపు డ్యూటీలో సరిచూసుకో. స్విచ్ వేసి వెంటనే పని మొదలుపెట్టడం: కనీసం 4 నిమిషాలు ఆగాలి. నోట్‌బుక్కో టిష్యూ కట్టో ముందు గ్రిల్ మీద పెట్టడం: గ్రిల్ మూసుకున్నంత మేరా తెరలో సందు పడుతుంది, ఆ సందులోంచి లోపలి గాలి నీ మీదికే వస్తుంది. పని గ్రిల్‌కి కనీసం 10 సెంటీమీటర్లు లోపల జరగాలి. చేతులు పక్కలకి ఊపకుండా తిన్నగా లోపలికీ బయటికీ కదలాలి, లోపల పెట్టాక ఒక నిమిషం ఆగాలి. శుభ్రమైనవి ఒకవైపు, డిస్కార్డ్ జార్ మరోవైపు, పని ఎప్పుడూ శుభ్రం నుంచి మురికి వైపు.

ఇక స్పిరిట్ ల్యాంప్. ఇది మనకి చేతికి పుట్టిన అలవాటు, ల్యాంప్ లేకుండా లూప్ (సూక్ష్మజీవుల్ని ఎత్తే తీగ) ముట్టుకోలేం. క్యాబినెట్ లోపల దీపం వెలిగిస్తే వేడి గాలి పైకి లేచి కిందికి దిగే గాలిని కలవరపెడుతుంది, హెపాకీ చేటు. పైగా హెపా రేణువుల్ని పడుతుంది గానీ ఆవిరిని పట్టదు. ఆల్కహాల్ ఆవిరి లోపలే తిరుగుతుంటే పక్కన మంట ఉండటం అగ్ని ప్రమాదానికి దారి. డిస్పోజబుల్ లూపులకి ఇప్పుడే అలవాటు పడు. యూవీ లైటు నమ్ముకోవడం కూడా మానెయ్. బీఎంబీఎల్ దాన్ని అవసరమనీ అనదు, సిఫారసూ చేయదు.

ఏడాదికోసారి మీ క్యాబినెట్‌ని వ్యాలిడేషన్ వాళ్లు వచ్చి పరీక్షిస్తారు కదా. ఆ రోజు సెలవు పెట్టకు, పక్కన నిలబడు. పీఏఓ అనే నూనె పొగ వదిలి హెపా ముఖమంతా ప్రోబుతో గీతలు గీసినట్టు వెతుకుతారు. లీకు 0.01 శాతం దాటకూడదని అమెరికా ప్రమాణం ఎన్ఎస్ఎఫ్/ఏఎన్ఎస్ఐ 49 అంటుంది. క్యాబినెట్‌ని చోటు మార్చినా, ఫిల్టర్ మార్చినా మళ్లీ చేయించాలి. ఆ రిపోర్టు చదివి ఏది తప్పిందో చెప్పగలిగేవాళ్లు అక్కడ కూడా తక్కువే. నాకు మొదటి ఉద్యోగం వచ్చింది ఆ రిపోర్టు చదవడం వల్లే.

ఆటోక్లేవ్ (ఒత్తిడి ఆవిరితో సూక్ష్మజీవుల్ని చంపే యంత్రం) దగ్గర మన నమ్మకమంతా టేపు మీదే. నల్ల గీతలు వచ్చాయి, అయిపోయింది అనుకుంటాం. టేపు చెప్పేది బయటి సంచికి వేడి తగిలిందని మాత్రమే. సంచి నడుమ చిక్కుకున్న గాలి ఉంటే అక్కడ 121 డిగ్రీలు ఎప్పటికీ రాదు. సంచి మూడింట రెండు వంతులకి మించి నింపకూడదు, మూతి బిగించి కట్టకూడదు. పొడి ప్లాస్టిక్ మాత్రమే ఉంటే లోపల ఒక గ్లాసెడు నీళ్లు పోస్తే ఆవిరి పుడుతుంది. నిలువు ఆటోక్లేవ్‌లో వెంట్ నుంచి ఆవిరి తెగకుండా వచ్చేదాకా మూయొద్దు. ముందే మూస్తే గేజ్ 15 పౌండ్లు చూపిస్తుంది గానీ అందులో గాలి వాటా ఉంటుంది, వేడి తక్కువ ఉంటుంది. ఎత్తైన ఊళ్లలోనూ ఇదే చిక్కు. డెన్వర్‌లో గేజ్ 15 పౌండ్ల దగ్గర ఆవిరి వేడి సుమారు 118 డిగ్రీలే. కాబట్టి చూడాల్సింది పీడనం కాదు, ఉష్ణోగ్రత. వ్యర్థాలకి సమయం 30 నుంచి 60 నిమిషాలు, ఎంత అనేది వేడిని బాగా తట్టుకునే బ్యాక్టీరియా జియోబాసిల్లస్ స్టియరోథెర్మోఫిలస్ స్పోర్ పరీక్షతోనే తేల్చాలి. ఆ స్పోర్ల వయల్ సంచి నడిబొడ్డున పెట్టాలి, పైన కాదు. ఆటోక్లేవ్‌లో పెట్టని వయల్ ఒకటి పక్కన ఇంక్యుబేట్ చేయాలి. అది పెరగకపోతే అసలు పరీక్షే చెల్లదు. బ్లీచ్ కలిసిన వ్యర్థం ఆటోక్లేవ్‌లో పెట్టకు, క్లోరిన్ వాయువు వస్తుంది.

బ్లీచ్ గురించి ఒక లెక్క. 'ఒకటికి పది' అని అందరూ కంఠతా పట్టేస్తారు, సీసా మీద హైపోక్లోరైట్ ఎంత శాతమో చూడరు. కావాల్సింది 0.5 శాతం, అంటే 5000 పీపీఎం. సీసా 4 శాతమైతే ఒక వంతుకి 7 వంతుల నీళ్లు, 5 శాతమైతే 9, అక్కడ దుకాణాల్లో దొరికే 7.5 శాతమైతే 14. ఏ రోజుది ఆ రోజే కలపాలి. క్యాబినెట్ స్టీలు మీద వాడితే తర్వాత నీళ్లతో తుడవాలి, లేకపోతే తుప్పు గుంటలు పడతాయి.

సంచి రంగులు కూడా మర్చిపోవాల్సినవే. మన 2016 బయోమెడికల్ వేస్ట్ రూల్స్‌లో ల్యాబు కల్చర్లు పసుపులోకి, రీసైకిల్ చేసే ప్లాస్టిక్ ఎరుపులోకి. అమెరికాలో ఎరుపు సంచి అంటే మొత్తం బయోహజార్డ్ వ్యర్థమే. పొరపాటున మామూలు చెత్త అందులో పడితే కంపెనీకి బరువు లెక్కన డబ్బు పోతుంది, ఆ కోపం కొత్తవాడి మీద పడుతుంది.

బయోసెక్యూరిటీ వేరే పని. మనిషిని సూక్ష్మజీవి నుంచి కాపాడేది సేఫ్టీ, సూక్ష్మజీవి తప్పుడు చేతుల్లో పడకుండా చూసేది సెక్యూరిటీ. ఇందులో మొక్కుబడి పనిలా కనిపించే ఫ్రీజర్ జాబితాయే ప్రాణం. 2014 జులైలో అమెరికాలోని బెథెస్డాలో, ఎన్ఐహెచ్ ఆవరణలో ఉన్న మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ కోల్డ్‌రూమ్‌లో, మశూచి వైరస్ పేరు రాసిన పాత వయల్స్ అట్టపెట్టెలో బయటపడ్డాయి. దశాబ్దాలుగా ఎవరి జాబితాలోనూ లేనివి. రెండింటిలో వైరస్ బతికే ఉందని సీడీసీ పరీక్షలో తేలింది. మీ ఫ్రీజర్‌లో రాక్, పెట్టె, గడి, పాసేజ్ నంబరు (ఎన్నోసారి తిరిగి పెంచింది), పెట్టినవాళ్ల పేరు ఉన్న జాబితా నువ్వే తయారుచెయ్. కంపెనీ వదిలి వెళ్లినవాళ్ల పెట్టెలు ఎవరి పేర రాయాలో అడిగి రాయించు.

ఇంకొకటి, మన ఆస్పత్రి ల్యాబుల్లో తగిలే బర్ఖోల్డేరియా సూడోమాలై బ్యాక్టీరియా అమెరికాలో టైర్-1 సెలెక్ట్ ఏజెంట్, అంటే దుర్వినియోగ భయంతో ప్రభుత్వం అత్యంత కట్టుదిట్టం చేసిన జాబితాలోది. అక్కడ క్లినికల్ ల్యాబులో అది తేలితే వెంటనే తెలియజేయాలి, 7 రోజుల్లో అనుమతి ఉన్న చోటికి పంపాలి లేదా నాశనం చేయాలి. సెలెక్ట్ ఏజెంట్లు ముట్టుకోవాలంటే ఎఫ్‌బీఐ వేలిముద్రల తనిఖీ ఉంటుంది. భారత పౌరసత్వం దానికదే అడ్డు కాదు గానీ సమయం పడుతుంది. ఇదంతా తెలిసినవాడివి కాబట్టి పెట్టెలో ఆవకాయ పెట్టుకో, స్ట్రెయిన్లు, ప్లాస్మిడ్లు, సెల్ లైన్లు లాంటి ల్యాబు నమూనాలు మాత్రం చేత్తో మోసుకెళ్లకు. మనుషులకి జబ్బు చేసేవాటికి సీడీసీ, పశువులవాటికి అక్కడి వ్యవసాయ శాఖ యూఎస్‌డీఏ పర్మిట్ కావాలి. ప్రొఫెసర్ అడిగినా సరే, పర్మిట్ కాగితం ఆయన పేర వచ్చాక కొరియర్‌లోనే పంపించు.

ఇప్పుడు డబ్బు. వీసా నిబంధనలు మారుతూనే ఉంటాయి, అధికారిక సైట్‌లో చూసుకో. నేను రెండే చెబుతాను. యూనివర్సిటీ నీకిచ్చే ఐ-20 పత్రం మీద ఉన్న సీఐపీ (కోర్సు) కోడ్ ఎస్‌టీఈఎం (సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కల కోర్సుల) జాబితాలో ఉందో లేదో ఫీజు కట్టకముందే చూడు. ఉంటే చదువుకి తగ్గ పని చేయనిచ్చే 12 నెలల ఓపీటీ మీద ఇంకో 24 నెలలు వస్తాయి. సేఫ్టీ అనే పేరు చూసి పబ్లిక్ హెల్త్ డిగ్రీలో చేరి, ఆ 24 నెలలు పోగొట్టుకున్నవాళ్లు ఉన్నారు. అప్పు తీరేది ఆ రెండేళ్లలోనే తమ్ముడూ. రెండోది, మైక్రోబయాలజీ వాళ్లకి వీసా ఇంటర్వ్యూ తర్వాత 221(జీ) అనే అదనపు పరిశీలన పడి వారాలు గడవొచ్చు. అడిగినదానికి ఉన్నది ఉన్నట్టు చెప్పు, రిఫండ్ రాని టికెట్ మాత్రం కొనకు.

చేరిన వారంలోనే ప్రొఫెసర్ల వెనక పడకు, క్యాంపస్ ఎన్విరాన్‌మెంటల్ హెల్త్ అండ్ సేఫ్టీ ఆఫీసుకి వెళ్లు. ఐవాష్‌లు (కళ్లు కడిగే కుళాయిలు) తిప్పి చూడటం, వ్యర్థాలు లెక్కపెట్టడం, క్యాబినెట్ స్టిక్కర్ల తేదీలు రాయడం లాంటి పనులకి గంటల లెక్కన విద్యార్థుల్ని పెట్టుకుంటారు. జీతం చిన్నదే, అది చూసి మనవాళ్లు పెట్రోల్ బంకు పని బాగుందంటారు. క్యాంపస్ బయట ఆ పని చేస్తే ఎఫ్-1 విద్యార్థి హోదా పోతుంది. ఈ ఆఫీసులో చేస్తే బయోసేఫ్టీ ఆఫీసర్ నీ పేరు పెట్టి పిలిచేంత దగ్గరవుతారు. ఎన్ఐహెచ్ గైడ్‌లైన్స్ ప్రకారం ప్రతి ఐబీసీలో (సంస్థ బయోసేఫ్టీ కమిటీలో) కనీసం 5 మంది ఉండాలి, అందులో కనీసం ఇద్దరు బయటివాళ్లు. మన దేశంలో అలాంటి కమిటీ ఐబీఎస్‌సీలో బయోటెక్నాలజీ శాఖ (డీబీటీ) నామినీ కూర్చున్నట్టే. మీ కంపెనీ ఐబీఎస్‌సీ మీటింగులకి కాగితాలు సిద్ధం చేసే పని ఉంటే అడిగి తీసుకో, రెండు మీటింగులు చాలు.

ఉద్యోగం మానేటప్పుడు రిలీవింగ్ లెటర్‌తో సరిపెట్టుకోకు. ఎక్స్‌పీరియన్స్ లెటర్‌లో ఇవి రాయించుకో: ఏ బీఎస్ఎల్ స్థాయిలో ఎన్ని నెలలు, ఏ రిస్క్ గ్రూప్ జీవులతో, ఎన్ని లీటర్ల వరకు, ఆటోక్లేవ్ స్పోర్ పరీక్షలు నువ్వే చేశావని, ఎన్ని స్పిల్ డ్రిల్లులు (కల్చర్ ఒలికితే ఏం చేయాలో సాధన) నడిపావని, ఎన్ని డీవియేషన్లకి (పద్ధతి తప్పిన ఘటనలకి) కాపా (దిద్దుబాటు, నివారణ చర్యలు) రాశావని. లీటర్లు తప్పకుండా రాయించు. 10 లీటర్లు దాటిన కల్చర్‌ని ఎన్ఐహెచ్ గైడ్‌లైన్స్ లార్జ్ స్కేల్ అంటాయి, అలాంటి పని చేసే సంస్థ బయోసేఫ్టీ ఆఫీసర్‌ని పెట్టుకుని తీరాలి. హెచ్‌ఆర్ వాళ్లు తమ నమూనా ఫారమే ఇస్తామంటారు. అలాంటప్పుడు నీ సూపర్‌వైజర్ చేత విడిగా లెటర్‌హెడ్ మీద రాయించుకుని, స్టాంపు వేయించుకుని, విమానంలో చేతి సంచీలో పెట్టుకో.