కన్ను ముడి వేసే ముందు ఒకసారి ఎవరికైనా చూపించండి

(చేత్తో టెడ్డీబేర్‌లు కుట్టేవాళ్ళ ప్రశ్నలు, జవాబులు)

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం కుట్టు గురించి, సగం కుట్టే స్నేహితుల గురించి ఉన్నాయి. నాకైతే ఈ రెండూ విడదీయడం రాదు, ఎందుకంటే నేను నేర్చుకున్నదాంట్లో ఎక్కువ భాగం పక్కన కూర్చుని కుడుతున్నవాళ్ళ చేతులు చూసి నేర్చుకున్నదే. పేర్లు వేయొద్దని ఇద్దరు అడిగారు, అందుకని ఎవరి పేర్లూ వేయట్లేదు.

అక్కా, ఆరు నెలల నుంచి టెడ్డీలు కుడుతున్నా, ఇది నాలుగోది. ఒళ్ళంతా బాగానే కుదిరింది కానీ మొహం మాత్రం కోపంగా చూస్తున్నట్టుంది. మా ఫ్రెండ్‌కి చూపిస్తే "ఏదో తేడాగా ఉంది" అని ఊరుకుంది, ఏంటో చెప్పలేదు. రెండ్రోజులు దాంతో మాట్లాడబుద్ధి కాలేదు. కళ్ళు అప్పటికే ముడి వేసేశా, ఇప్పుడేం చేయాలి?

చెల్లీ, ముందు ఎలుగు కోపం సంగతి చూద్దాం, తర్వాత నీ కోపం సంగతి.

కళ్ళు మంచివే కొని ఉంటావు, తప్పు కళ్ళలో ఉండదు, పెట్టిన చోట్లో ఉంటుంది. కళ్ళు పైకి, ఒకదానికొకటి దగ్గరగా పెడితే గుర్రుగా చూసే పెద్ద ఎలుగు అవుతుంది. కిందకి దించి, మూతి మొదలయ్యే చోటుకి దగ్గరగా, కాస్త ఎడంగా పెడితే పిల్ల ఎలుగు అవుతుంది. పసిపిల్లల మొహం గుర్తు తెచ్చుకో, నుదురే ఎక్కువ కనపడుతుంది కదా, అదే లెక్క. ఇంకోటి, మోహెయిర్ (అంగోరా మేక వెంట్రుకలతో నేసిన బట్ట) బొచ్చు కంటి మీదకి వాలి నీడ పడుతోందేమో చూడు, చాలాసార్లు కోపం అంటే ఆ నీడే. చిన్న కత్తెరతో కంటి పైన రెండు మూడు పోగులు కత్తిరించి, ఆగి చూసి, మళ్ళీ రెండు పోగులు, అంతేగానీ ఒకేసారి బొచ్చంతా కత్తిరించేయకు, అది మళ్ళీ పెరగదు. దాంతో సరిపోతే కళ్ళ జోలికి వెళ్ళక్కర్లేదు.

సరిపోకపోతే విప్పేయ్, భయపడకు. గాజు కళ్ళకి వెనక తీగ చుట్ట ఉంటుంది, దాంట్లోంచి వచ్చిన గట్టి దారం తల వెనక ఎక్కడ ముడి వేశావో అక్కడ కత్తిరించి కన్నుని మెల్లగా ముందుకి లాగేస్తే వచ్చేస్తుంది. మిగిలిన చిల్లుని అడుగు బట్టకి పట్టేలా రెండు చిన్న కుట్లు వేసి, సూది మొనతో చుట్టూ ఉన్న బొచ్చుని పైకి లాగితే అక్కడ చిల్లు ఉండేదని నువ్వే కనుక్కోలేవు.

ఇకపై మాత్రం ముడి వేసే ముందు నల్ల తల ఉన్న గుండుసూదులు రెండు కళ్ళ చోట గుచ్చి ఒక రాత్రి వదిలెయ్. పొద్దున్నే అద్దంలో చూడు, ఫొటో తీసి చూడు, చేతిలో ఉన్నప్పుడు దొరకని వంకర అద్దంలో ఇట్టే దొరుకుతుంది. ఆ తర్వాత ఎవరికైనా చూపించు. ఇది మాత్రం వదలొద్దు. వారం రోజులు ఆ మొహాన్నే చూసీ చూసీ మన కన్ను దానికి అలవాటు పడిపోయి ఉంటుంది, కొత్త కన్ను కావాలి.

ఇప్పుడు నీ ఫ్రెండ్ సంగతి. తను చెప్పింది తప్పు కాదు, సగంలో ఆపేసింది అంతే, బహుశా నువ్వు బాధపడతావనే ఆపి ఉంటుంది. "ఎలా ఉంది" అని అడిగితే ఎవరైనా బాగుందనో తేడాగా ఉందనో అంటారు. "ఎడమ చెవి దిగిందా? ముక్కు పెద్దదైందా?" అని అడిగి చూడు, చేత్తో చూపించి మరీ చెప్తారు. నాకు ఒక స్నేహితురాలు ఉంది, ఒకసారి సూదులతో పెట్టిన చెవులు చూపిస్తే ఏమీ అనలేదు, కుడి చెవి సూదులు తీసి వేలెడు కూడా కాదు, గోరంత కిందకి జరిపి మళ్ళీ గుచ్చి తన కుట్టు తను కుట్టుకుంది. అప్పటిదాకా ఎటో చూస్తున్న ఎలుగు నా వైపు తిరిగి చూసినట్టైంది. ఆ చెవి అక్కడే కుట్టేశా. ఈసారి నీ ఫ్రెండ్‌తో అలాగే చెయ్యి, సూదుల డబ్బా తన చేతికిచ్చేయ్.

లోపల బూరుగు దూది మంచిదా, పాలిస్టర్ ఫైబర్ మంచిదా? మా గ్రూపులో దీని మీద రోజూ గొడవే.

రెండూ మంచివే, చోటుని బట్టి. బూరుగు దూది తేలిగ్గా పట్టులా ఉంటుంది, పట్టుకుంటే పాత టెడ్డీలా అనిపిస్తుంది, కానీ ఇల్లంతా ఎగురుతుంది, ముక్కుకి గుడ్డ కట్టుకుని నింపండి. ఉతికే బొమ్మకైతే పాలిస్టర్. మూతి దగ్గర మాత్రం ఏది నింపినా రాయిలా గట్టిగా ఉండాలి, లేకపోతే ముక్కు మీద దారం కుట్లు లోపలికి కుంగిపోతాయి. పాతకాలం వాళ్ళు సన్నని చెక్క తురుము కుక్కేది అందుకే, ఇప్పటికీ కొంతమంది మూతి వరకు అదే వాడతారు. గుప్పెళ్ళు గుప్పెళ్ళు కుక్కకండి, చిటికెడు చిటికెడు తీసుకుని పుల్లతో ముందు మూతి కొసకి, తర్వాత బుగ్గలకి నింపండి, ఉండలు కట్టదు.

అక్కా ఇది చెప్పడానికి సిగ్గుగానే ఉంది. నాకు కుట్టు నేర్పిన ఫ్రెండ్ తన సొంత ప్యాటర్న్ ఇచ్చింది, నేర్చుకోడానికి. నేను దాన్ని కాస్త చిన్నది చేసి, చేతులు పొడుగు పెట్టి, మూడు టెడ్డీలు అమ్మాను. తను చూసింది. ఏమీ అనలేదు కానీ మాట్లాడటం మానేసింది. మార్చాను కదా, అది నాదే కదా అని నాకు నేను చెప్పుకుంటున్నా, మనసు ఒప్పుకోవట్లేదు.

మనసు చెప్పిందే నిజం అమ్మా. సైజు తగ్గించి చేతులు పెంచితే కొత్త ప్యాటర్న్ అవదు. ఎలుగు పోలిక అంతా తలలో ఉంటుంది, పక్క ముక్కలు రెండూ, వాటి మధ్య ముక్కు నుంచి మెడ వెనక దాకా వెళ్ళే పొడుగు పట్టీ. ఆ పట్టీ కళ్ళ దగ్గర ఎంత వెడల్పు, మూతి దగ్గర ఎంత సన్నం అన్నది కుదరడానికి ఆవిడ ఎన్ని తలలు కుట్టి విప్పిందో నీకు తెలీదు. నా ఒక్క ప్యాటర్న్‌కి పదకొండు తలలు కుట్టాను, పాత దుప్పటి గుడ్డతో, అవి ఇంకా ఒక సంచిలో ఉన్నాయి. అందుకే ఇలాంటి ఉత్తరం చదివితే నాకు కొంచెం నొప్పి కూడా వేస్తుంది, దాచను. నాకూ ఒకరు ఇలాగే చేశారు, అడిగి ఉంటే సంతోషంగా ఇచ్చేదాన్ని, అడగలేదనేదే నా బాధ.

వెళ్ళి చెప్పు. మెసేజ్ పెట్టకు, ఎదురుగా వెళ్ళు, కుదరకపోతే ఫోన్ చెయ్యి. "నీ ప్యాటర్న్‌తో మూడు అమ్మాను, అడక్కుండా చేశాను, తప్పు నాది" అంతవరకే, "కానీ" అన్న మాట రానీయకు. వచ్చిన డబ్బు ఏం చేయమంటావో తననే అడుగు. వెంటనే కరిగిపోతుందని అనుకోకు, టైమ్ పట్టొచ్చు, మాట్లాడకపోయినా అది తన ఇష్టం.

ఈలోపు నీ సొంత తల ఒకటి గీయడం మొదలుపెట్టు. కాగితం మీద పక్క నుంచి కనపడే మొహం గియ్యి, ముక్కు కొస నుంచి నుదురు మీదుగా మెడ వెనక దాకా ఆ గీత మీద దారం పరిచి పొడవు కొలువు. మధ్య పట్టీ అంచు సరిగ్గా అంతే పొడవు ఉండాలి, రెండు వైపులా. అంచు పొడుగైతే నుదురు ముడతలు పడుతుంది, పొట్టిదైతే ముక్కు పైకి లేస్తుంది. పాత గుడ్డతో కుట్టు, నింపు, పెన్నుతో ఆ గుడ్డ మీదే తప్పులు రాసుకో, విప్పు, మళ్ళీ గియ్యి. మూడో తలకి నీకే తెలిసిపోతుంది ఆవిడ ఎందుకు మాట్లాడటం మానేసిందో.

మేడమ్, మొదటి టెడ్డీబేర్ అమెరికాదని నేను, జర్మనీదని మా ఫ్రెండ్, పందెం కాసుకున్నాం. తేల్చండి.

పందెం వెనక్కి తీసుకోండి ఇద్దరూ, ఒకే సంవత్సరంలో రెండు చోట్లా పుట్టింది. 1902 నవంబరులో అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్వెల్ట్ (జనం టెడ్డీ అనేవాళ్ళు) మిసిసిపీలో వేటకి వెళ్ళినప్పుడు చెట్టుకి కట్టేసిన ఎలుగుని కాల్చనన్నాడు, దాని మీద క్లిఫర్డ్ బెరీమన్ గీసిన కార్టూన్ నవంబరు 16న వాషింగ్టన్ పోస్ట్‌లో వచ్చింది. అది చూసి బ్రూక్లిన్‌లో మిఠాయి కొట్టు నడిపే మోరిస్, రోజ్ మిక్టమ్ దంపతులు ఎలుగుబొమ్మ కుట్టి "టెడ్డీస్ బేర్" అని పెట్టారు. పేరు అక్కడిది. అదే 1902లో జర్మనీలో గీంగెన్ అనే ఊళ్ళో రిచర్డ్ స్టైఫ్ కాళ్ళూ చేతులూ కదిలే ఎలుగుని డిజైన్ చేశాడు, 1903లో లైప్‌జిగ్ బొమ్మల సంతలో ఒక అమెరికా కొనుగోలుదారు 3000 ఆర్డరిచ్చాడని చెప్తారు. మనం ఇప్పటికీ కుట్టే డిస్క్ జాయింట్ (కాళ్ళూ చేతులూ తిరిగేలా లోపల గుండ్రటి బిళ్ళలతో బిగించే) ఎలుగు, వీపు మీద గూని, పొడుగు చేతులు, ఈ రూపానికి స్టైఫ్ వాళ్ళ బొమ్మలే దగ్గర.

నాకు మాత్రం ఈ కథలో రిచర్డ్ మేనత్త మార్గరెట్ ఇష్టం. చిన్నప్పుడే పోలియో వచ్చి కాళ్ళు పడిపోయాయి, కుడి చేయి కూడా సరిగ్గా ఆడేది కాదు, అయినా కుట్టుపని మీదే బతికింది. ఆవిడ మొదట కుట్టిన బొమ్మ ఎలుగు కాదు, ఫెల్ట్ గుడ్డ ఏనుగు, సూదులు గుచ్చుకోడానికి, అదీ ఒక పత్రికలో వచ్చిన ప్యాటర్న్ చూసి కుట్టింది. పిల్లలు దాంతో ఆడుకోవడం మొదలుపెడితే బొమ్మల పని పెరిగింది. పత్రికలో ప్యాటర్న్ అచ్చు వేసేది కుట్టుకోమనే కదా, పై ఉత్తరం రాసిన అమ్మాయికి తేడా తెలియాలని ఇది కూడా చెప్తున్నా.

అమ్మా, నాకు అరవై దాటాయి. పదిహేనేళ్ళు నా పక్కన కూర్చుని కుట్టిన స్నేహితురాలు ఈ మధ్యే పోయింది. వాళ్ళమ్మాయి ఒక పెట్టె తెచ్చిచ్చింది. అందులో ఒళ్ళు కుట్టి తిరగేసి ఉంది, చేతులు రెండూ నింపేసింది, తల నింపింది కానీ కళ్ళు లేవు, కాగితంలో చుట్టి రెండు గాజు కళ్ళు. ఆవిడ కుట్టు సన్నం, నాది పెద్దది. పూర్తి చేస్తే పాడుచేసినట్టవుతుందేమో అని పెట్టె మూసి పెట్టాను.

పెట్టె తెరవండి అమ్మా. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను, మిగతా పనులు పక్కన పెట్టి ముందు మీకే జవాబు రాస్తున్నాను.

ఆవిడ వేసిన కుట్టు ఒక్కటి కూడా విప్పకండి, మీ కుట్టుని ఆవిడ కుట్టులా సన్నం చేయాలని కళ్ళు పోగొట్టుకోకండి. మీరు మూయాల్సిన చోట్లు వీపు, కాళ్ళ వెనక భాగం, అంతే కదా. అక్కడ నిచ్చెన కుట్టు (ఒకసారి ఈ అంచులో, ఒకసారి ఆ అంచులో నిచ్చెన మెట్లలా వేసేది) వేసి, రెండు మూడు కుట్లకోసారి దారం బిగించి, సూది మొనతో బొచ్చు పైకి తీస్తే ఎవరి కుట్టు ఎక్కడ ఆగిందో బయటికి కనపడదు. లోపల ఉంటుంది, ఉండనివ్వండి.

జాయింట్ల దగ్గర తొందరపడొద్దు. జాయింట్ బిళ్ళల్ని కలిపి పట్టే కాటర్ పిన్‌కి (రెండుగా చీలిన లోహపు పిన్ను) ఉన్న రెండు కొసల్నీ ఒక్కోటి ప్లయర్స్‌తో పట్టుకుని పైకి లాగుతూ బయటివైపుకి చుట్టి, వాషర్ మీద గట్టిగా నొక్కుకునేలా తిప్పాలి. మెడ మరీ బిగుతుగా ఉండాలి, నింపాక కొంచెం వదులవుతుంది. వేళ్ళ నొప్పులుంటే ఈ ఒక్క పనికి వాళ్ళమ్మాయిని సాయం పట్టుకోమనండి.

కళ్ళ గురించి. తలని వెలుతురులో పెట్టి బొచ్చు విడదీసి చూడండి, ఆవిడ సూదులు గుచ్చి చూసుకుని ఉంటే అడుగు బట్ట మీద సన్న చిల్లులు కనపడొచ్చు. కనపడితే అవే చోట్లు. కనపడకపోతే మీకు తెలుసు, పదిహేనేళ్ళు ఆవిడ చేతిలో ఎలుగులు మొహం తెచ్చుకోవడం మీరు పక్క నుంచి చూశారు. గుండుసూదులు పెట్టి వాళ్ళమ్మాయికి చూపించండి, ఆ పిల్ల సరే అన్నాక ముడి వేయండి. ఇంట్లో మూడేళ్ళ లోపు పిల్లలుంటే మాత్రం గాజు కళ్ళ బొమ్మ వాళ్ళ చేతికి అందకుండా పైన పెట్టమనండి.

పాదాలకి గోళ్ళు కుట్టాలా వద్దా అని చివర్లో అడిగారు. ఆవిడ పాత ఎలుగు మీ ఇంట్లో ఒకటి ఉందన్నారు కదా, దానికి ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి దీనికీ అన్నే కుట్టండి.