యాటిక్ స్ప్రింక్లర్లకు ఎర్ర బల్బు ఎందుకు పెట్టరు?

స్ప్రింక్లర్ అంటే మంట మీద నీళ్లు చిమ్మే పరికరం. దాని మూతిని మూసి ఉంచే చిన్న గాజు బల్బు వేడికి పగిలితేనే అది తెరుచుకుంటుంది. ఎన్ని డిగ్రీల (సెల్సియస్) వేడికి పగులుతుందో బల్బు రంగే చెబుతుంది. అమెరికా చెక్క అపార్ట్‌మెంట్లలో పైకప్పు కింది యాటిక్‌కు 68 డిగ్రీల ఎర్ర బల్బు కాకుండా 79 డిగ్రీల పసుపుదో, 93 డిగ్రీల ఆకుపచ్చదో పెట్టేది, మంట లేకుండా ఎండ వేడికే బల్బు పగలకూడదని. ఎర్రది కప్పు దగ్గర వేడి 38 డిగ్రీలు మించని చోటికే. మిగతా రెండూ 66 దాకా ఓర్చుకుంటాయి. వేసవిలో యాటిక్ 38ని ఇట్టే దాటేస్తుంది.

చలికాలానిది ఇంకో తంటా. మిన్నెసోటా లాంటి చలి రాష్ట్రంలో యాటిక్ పైపులో నీళ్లుంటే గడ్డకట్టి పైపు పగులుతుంది. అందుకే గాలి నింపి ఉంచుతారు. బల్బు పగిలి గాలి ఒత్తిడి పడిపోయాకే వాల్వ్ తెరుచుకుని నీళ్లొస్తాయి. లోపల నీళ్లు నిలవకుండా పైపుకు వాలు తప్పనిసరి. పరీక్ష చేశాక పల్లంలో మిగిలిన కాసిని నీళ్లు చాలు, కొంప ముంచడానికి.

పొగ తగలగానే అన్నీ ఒకేసారి చిమ్ముతాయనుకోవడం సినిమాలు చూసి. వేడి తగిలిన బల్బే పగులుతుంది.