రక్తపరీక్ష: ఏ రోజు, ఏ గదిలో, ఎవరితో

హెచ్‌ఐవీ, హెపటైటిస్ పరీక్షల మీద వచ్చిన ఉత్తరాల్లో నాలుగింటికి ఈసారి జవాబులిస్తున్నాం. పేర్లు వేయడం లేదు.

ప్రశ్న: లారీ డ్రైవర్‌ని. పది రోజుల కింద దారిలో నిరోధ్ లేకుండా ఒకామెను కలిశాను. మూడో రోజే ప్రైవేటు ల్యాబులో హెచ్‌ఐవీ టెస్ట్ చేయిస్తే ‘నాన్ రియాక్టివ్’ అని వచ్చింది. ఇక భయం లేనట్టేనా? (సూర్యాపేట)

జవాబు: ఆ రిపోర్టు అంతకుముందు సంగతే చెబుతుంది, పది రోజుల కింద జరిగినదాని గురించి కాదు. కార్డు టెస్టు పట్టుకునేది వైరస్ సోకాక ఒంట్లో తయారయ్యే యాంటీబాడీలను. అవి పట్టుబడేంతగా పెరగడానికి కొందరికి మూడు వారాలు చాలు, కొందరికి మూడు నెలలు పడుతుంది. కలిసిన రోజు నుంచి లెక్కపెట్టండి. చేతి నరం నుంచి రక్తం తీసి ల్యాబులో చేసే ‘ఫోర్త్ జనరేషన్’ టెస్టయితే 45 రోజులకు నమ్మొచ్చు. వేలికి సూది గుచ్చి చేసే కార్డు టెస్టయితే 90 రోజులు ఆగి చేయించుకోవాలి. అప్పటిదాకా ఇంట్లో కూడా నిరోధ్ తప్పనిసరి, రక్తదానం వద్దు. మధ్యలో జ్వరం రాలేదు కాబట్టి ఏమీ లేదనీ, వచ్చింది కాబట్టి అదేననీ అనుకోవద్దు.

ఇంకో మాట. మూడో రోజు ల్యాబు మెట్లెక్కే బదులు ప్రభుత్వాస్పత్రికి వెళ్లుంటే నివారణ మందులు మొదలుపెట్టే వీలుండేది. వాటిని 72 గంటల్లోపే మొదలుపెట్టాలి, ఎంత తొందరగా అయితే అంత మంచిది. 28 రోజులు మానకుండా వాడాలి. మీకు ఆ గడువు దాటిపోయింది. ఇది చదివే మీ తోటి డ్రైవర్లకు పనికొస్తుంది.

పరీక్షకు జిల్లా ఆస్పత్రిలోనో, ఏరియా ఆస్పత్రిలోనో ఐసీటీసీ (హెచ్‌ఐవీ సలహా, పరీక్షల కేంద్రం) గది అడగండి. ముందు కౌన్సెలర్ మాట్లాడతారు, తర్వాత రక్తం తీస్తారు. రిపోర్టు చాలాచోట్ల ఆ రోజే ఇస్తారు, డబ్బు అక్కర్లేదు. మొదటి కిట్‌లో రియాక్టివ్ వచ్చినంత మాత్రాన పాజిటివ్ అనరు. వేరే రెండు కిట్లతో చూసి, మూడూ ఒకే మాట చెబితేనే ఖాయం చేస్తారు. తేడా వస్తే రెండు వారాల తర్వాత మళ్లీ రమ్మంటారు. ప్రైవేటు ల్యాబులో ఒక్క కార్డు చూసి ‘పాజిటివ్’ అని రాసిచ్చినా ఐసీటీసీలో మళ్లీ చేయించుకోవాల్సిందే. అదే రోజు సిఫిలిస్ (ఒక సుఖవ్యాధి) టెస్టు కూడా అడగండి. నొప్పి లేని పుండు దానంతటదే మానిపోతే రోగం పోయిందనుకుని వదిలేసేవాళ్లే ఎక్కువ. సుఖవ్యాధులు చూసే సురక్ష క్లినిక్‌లో దానికి చికిత్స ఉంది. దారి మీద ఇలాంటివి జరుగుతుంటే ఆరు నెలలకోసారి పరీక్ష చేయించుకోండి.

ప్రశ్న: కడుపుతో ఉన్నప్పుడు నాకు హెచ్‌ఐవీ లేదని చెప్పారు. ‘నీకు లేదంటే నాకూ లేనట్టే’ అంటూ మా ఆయన టెస్టుకు రావడం లేదు. ఊళ్లో తెలిసిపోతుందని కూడా ఆయన భయం. (ఒంగోలు)

జవాబు: ఆయన లెక్క తప్పమ్మా. భర్తకు ఉండి ఏళ్ల తరబడి భార్యకు సోకని జంటలు చాలా ఉన్నాయి. మీ రిపోర్టు మీకే వర్తిస్తుంది.

ఊరి భయానికి మందు వేరే ఊరు. మీ ఊరి ఆస్పత్రికే వెళ్లాలన్న నిబంధన లేదు, పక్క జిల్లాలో చేయించుకోవచ్చు. 1097కు ఫోన్ చేస్తే దగ్గర్లో ఐసీటీసీ ఎక్కడుందో చెబుతారు, టోల్ ఫ్రీ. 2018 సెప్టెంబరు 10 నుంచి అమల్లో ఉన్న చట్టం ప్రకారం మనిషి ఒప్పుకోకుండా హెచ్‌ఐవీ పరీక్ష చేయకూడదు, ఫలితం బయటపెట్టకూడదు. ‘నీ మీద అనుమానం’ అని మొదలుపెడితే మాట అక్కడే ఆగిపోతుంది. బీపీ, షుగర్ చూపించుకుందామని తీసుకెళ్లండి. అక్కడికి వెళ్లాక కౌన్సెలర్ ఇద్దరితో కలిపీ, విడివిడిగానూ మాట్లాడతారు. ఒకవేళ ఉన్నా, హెచ్‌ఐవీని అదుపులో పెట్టే ఏఆర్‌టీ మందులు ఉచితం. రోజూ వేసుకుంటూ రక్తంలో వైరస్ కనిపించని స్థాయికి తగ్గి, అలాగే నిలబడితే కాపురంలో భార్యకు సోకదు.

ప్రశ్న: గల్ఫ్ మెడికల్‌లో హెచ్‌బీఎస్‌ఏజీ (హెపటైటిస్ బీ టెస్టు) పాజిటివ్ అని అన్‌ఫిట్ కొట్టారు. ఒంట్లో ఏ బాధా లేదు. ఏజెంటు వేరే సెంటర్‌లో చూద్దామంటున్నాడు. ఇంట్లోవాళ్లు పసరు తాగమంటున్నారు. (జగిత్యాల)

జవాబు: రెండూ వద్దు. సెంటర్ మారిస్తే రక్తం మారదు, ఫీజు మాత్రం పోతుంది. పసరుకు హెపటైటిస్ బీ పోదు. కొన్ని పసర్లు కాలేయాన్నే దెబ్బతీస్తాయి.

జిల్లా ఆస్పత్రిలో హెపటైటిస్ విభాగం ఎక్కడని అడగండి. 2018 జులైలో మొదలైన జాతీయ కార్యక్రమం కింద పరీక్షలు, మందులు ఉచితం. టెస్టు మళ్లీ చేయిస్తారు. ఆరు నెలల తర్వాత కూడా పాజిటివ్ ఉంటే దీర్ఘకాలికమని అర్థం. అందరికీ మందు అవసరపడదు. కాలేయం దెబ్బతిందేమో చూసే ఎస్‌జీపీటీ రక్తపరీక్ష, వైరస్ లెక్క చెప్పే డీఎన్‌ఏ టెస్టు, కాలేయం స్కాన్ చూసి డాక్టరు తేలుస్తారు. టెనోఫోవిర్ మాత్రలు రాస్తే ‘బాగానే ఉన్నా కదా’ అని మీ అంతట మీరు మానేయొద్దు. ఉన్నట్టుండి ఆపితే వైరస్ ఒక్కసారిగా విజృంభిస్తుంది. మద్యం మాత్రం మానాలి. మీ భార్యకు, పిల్లలకు, తోబుట్టువులకు కూడా టెస్టు చేయించండి. లేనివాళ్లకు టీకా మూడు డోసులు: ఇవాళ, నెలకు, ఆరో నెలకు. ఒకే కంచంలో తిన్నా అంటుకోదు. రేజర్, టూత్ బ్రష్, నెయిల్ కట్టర్ మాత్రం ఎవరివి వాళ్లకే ఉండాలి.

ప్రశ్న: రక్తదానం చేస్తే అన్ని టెస్టులూ ఫ్రీగా అయిపోతాయంటారు, నిజమేనా? (విజయవాడ)

జవాబు: హెచ్‌ఐవీ, హెపటైటిస్ బీ, సీ, సిఫిలిస్, మలేరియా చూస్తారు, నిజమే. కానీ అనుమానం ఉన్న మనిషి ఆ కుర్చీలో కూర్చోకూడదు. మొదటి జవాబులో చెప్పిన 45, 90 రోజుల గడువు ఇంకా పూర్తికాకపోతే టెస్టుకు దొరకని రక్తం సంచిలోకి వెళ్తుంది, అక్కడి నుంచి తలసీమియా పిల్లాడికో, బాలింతకో ఎక్కుతుంది. ఫారంలోని ప్రశ్నలు అందుకే. ఐసీటీసీలోనూ టెస్టు ఫ్రీయే.