మెమరీ కార్డులో డిలీట్ అయిన పెండ్లి ఫొటోలు తిరిగి వస్తయా?

చెల్లె పెండ్లి ఫొటోలున్న కార్డును లాప్‌టాప్‌కు పెట్టి డిలీట్ కొట్టిన, రీసైకిల్ బిన్‌ల కూడా లేవు అన్నరు. కార్డులు, పెన్‌డ్రైవ్‌లల్ల తీసేసినవి మామూలుగా ఆ బిన్‌లకు పోవు, అక్కడ దేవులాడి లాభం లేదు. కానీ ఫొటోలు కార్డులనే ఉండి ఉంటయి. డిలీట్ కొడితే ఆ జాగ ఖాళీ అని మాత్రమే రాసుకుంటది, కొత్తది వచ్చి కూసునేదాకా పాతది అట్లనే ఉంటది. అందుకే ఆ కార్డుతోని ఇంకొక్క ఫొటో గూడ తీయకండి. ఎస్‌డీ కార్డయితే పక్కనున్న చిన్న లాక్ జరపండి.

నల్లగొండ గడియారం సెంటర్ దగ్గర నాది డీటీపీ, జిరాక్స్ షాపు. ముహూర్తాలున్నయంటే దేవరకొండ, మిర్యాలగూడ దిక్కు నుంచి ఫొటోగ్రాఫర్లు ఇసొంటి కార్డులు మస్తు పట్టుకొస్తరు. నేను వాడేది ఫొటోరెక్ అనే రికవరీ సాఫ్ట్‌వేర్, పైసలు పెట్టేది లేదు. నల్లటి స్క్రీన్ చూసి భయమైతే అదే ఫోల్డర్ల క్యూఫొటోరెక్ ఉంటది, దానికి బటన్లుంటయి. ఇది ఫైల్ పేర్లు చూడదు. జేపీజీ ఫొటో ఏదైనా ఎఫ్‌ఎఫ్, డీ8, ఎఫ్‌ఎఫ్ అనే బైట్లతోనే మొదలైతది, అవి యాడ దొరికితే ఆడికెళ్లి ఫొటో గుంజుతది. నికాన్ ఎన్‌ఈఎఫ్, కెనాన్ సీఆర్‌2 లాంటి రా ఫైళ్లు (జేపీజీ చేయకముందు కెమెరా రాసుకునే అసలు ఫైళ్లు) కూడా కావాలంటే 'టిఫ్' మీద టిక్ ఉండాలె, చాలామందికి ఇక్కడనే తప్పుతది. వచ్చినవి లాప్‌టాప్‌ల దాచుకోండి, మళ్ల అదే కార్డు మీద కాదు.

పేర్లన్నీ పోయి అంకెలొస్తయి. ఫొటో తీసిన తేదీ లోపలనే ఉంటది గనుక దాన్ని బట్టి సర్దుకోవచ్చు. మిర్యాలగూడ ఫొటోగ్రాఫర్ కార్డొకటి పెడితే ఆయనకు కావాల్సిన పెండ్లితోపాటు అంతకుముందటి ఎవరిదో ఎంగేజ్‌మెంట్ కూడా బయటపడ్డది. కార్డులు అమ్మేటోళ్లు, అరువిచ్చేటోళ్లు జర చూసుకోవాలె! వీడియోల మీద మాత్రం ఎక్కువ ఆశ పెట్టుకోకండి. పెద్ద ఫైళ్లు ముక్కలు ముక్కలుగా ఉంటయి, దొరికినా చాలాసార్లు ఆడవు.

ఎవరన్న లాప్‌టాప్‌ల లోపలున్న ఫైళ్లు పోగొట్టుకున్నరంటే లెక్క వేరు. ఇప్పటి లాప్‌టాప్‌లల్ల హార్డ్ డిస్క్ బదులు చాలావరకు ఎస్‌ఎస్‌డీ ఉంటది, రీసైకిల్ బిన్‌ల నుంచి కూడా డిలీట్ కాంగనే విండోస్ దానికి ట్రిమ్ అనే ఆదేశం పంపుతది, ఆ జాగ నిజంగనే తుడుచుకపోతది. నకిరేకల్ అమ్మాయి ప్రాజెక్ట్ రిపోర్ట్ కోసం రెకువా అనే ఇంకో రికవరీ సాఫ్ట్‌వేర్ నడిపితే ఫైల్ పేరు దొరికింది, తెరిస్తే లోపల ఏం లేదు. చివరికి సార్‌కు పంపిన మెయిల్ సెంట్ ఫోల్డర్ల దొరికింది. గూగుల్ డ్రైవ్ ట్రాష్‌ల 30 రోజులు ఉంటయి, ముందు అది చూడండి.

కార్డు పెట్టంగనే ఫార్మాట్ చేయాల్నా అని అడిగితే క్యాన్సిల్ కొట్టండి. అసలు కార్డే కనపడకుంటే సాఫ్ట్‌వేర్లతోని కాదు, రికవరీ ల్యాబ్‌కు ఇయ్యాలె. కెమెరా ఏదో, కార్డు ఎన్ని జీబీదో రాయండి, క్యూఫొటోరెక్‌ల ఏమేం టిక్ పెట్టాల్నో చెప్త.