ట్యాంక్‌కు ఫిల్మ్ వేయిస్తారు సరే, జీతం ఆగితే?

ప్రశ్న: నా వయసు 29. ప్రైవేటు ఉద్యోగం. అమ్మకు నేనే ఆధారం. ఎన్నాళ్లుగానో అనుకుంటున్న టూరింగ్ బైక్‌ను రెండు నెలల క్రితం కొన్నాను. ఉన్న ఎఫ్‌డీలన్నీ తీసేసి డౌన్ పేమెంట్ కట్టాను. మిగతాది 12 శాతం వడ్డీతో 5 ఏళ్ల లోన్. ఇప్పుడు పెయింట్ ప్రొటెక్షన్ ఫిల్మ్, సిరామిక్ కోటింగ్, పానియర్లు (పక్కన తగిలించే పెట్టెలు), ఆక్స్ లైట్లు (అదనపు లైట్లు), కొత్త ఎగ్జాస్ట్ వేయించాలని ఉంది. వీటికి క్రెడిట్ కార్డు ఈఎంఐ మంచిదా, పర్సనల్ లోన్ మంచిదా? త్వరలో ఒకటిన్నర నెల జీతమంత బోనస్ వస్తుంది. దాంతో 12 రోజుల రైడ్‌కు వెళ్దామనుకుంటున్నాను. బండి భద్రంగా ఉండాలంటే బీమాలో ఏ యాడ్-ఆన్‌లు తీసుకోవాలి? నెలనెలా మ్యూచువల్ ఫండ్‌లో వేసే సిప్ కూడా మొదలుపెట్టమని స్నేహితులు అంటున్నారు. నా ఖర్చుల షీట్ జత చేశాను.

జవాబు: మీ షీట్ రెండుసార్లు చూశాను. కొనాల్సిన వాటి జాబితాలో మొత్తం 11 వరుసలు. మొదటి పదీ బండికే. పదకొండో వరుసలో ‘మంచి హెల్మెట్, తర్వాత చూద్దాం’ అని రాసుకున్నారు. ఆ ఒక్క వరుస కోసమే మీకు జవాబు రాస్తున్నాను. కొత్త బండి కొన్నవాళ్లలో ఈ తప్పు పదేపదే చూస్తున్నా. బండికి గీత పడకుండా చేయాల్సిందంతా చేస్తారు. దాని ఈఎంఐ కట్టే మనిషిని మాత్రం గాలికొదిలేస్తారు.

మీ లెక్కే తీసుకుందాం. చేతికొచ్చే జీతం 100 అనుకుంటే ఇంటి ఖర్చులు 45, బండి ఈఎంఐ 24, పెట్రోలు, వారాంతపు రైడ్లు 12. మిగిలేది 19. మరి ఖాతాలో ఉన్నదెంత? 20 రోజుల ఇంటి ఖర్చుకు సరిపడా. ఒక్క నెల జీతం రాకపోతే ఈఎంఐ బౌన్స్, రెండో నెల అమ్మ మందులకు చేబదులు. ఇలాంటి స్థితిలో ఎగ్జాస్ట్ శబ్దం ఎలా ఉండాలా అని ఆలోచిస్తున్నారు మీరు!

నా దగ్గరికి వచ్చే ఒకాయన గురించి చెబుతాను. ఆయన బండీ టూరింగ్ బైకే. పడింది హైవే మీద కాదు, పార్కింగ్‌లో. బండి తిప్పుతుంటే కాలు జారింది, బరువు ఆపలేక బండితోపాటు ఒరిగిపోయాడు. క్రాష్ గార్డ్ మీద చిటికెన వేలంత గీత, ఆయనకు కాలర్ బోన్ ఫ్రాక్చర్. కాంట్రాక్టు ఉద్యోగం కాబట్టి పనిచేయని రోజుకు పైసా రాదు. చెయ్యి స్లింగ్‌లో పెట్టుకుని రెండు నెలలు ఇంట్లోనే ఉన్నాడు. సెలైన్ ఖర్చు నుంచి ఎక్స్‌రే దాకా ఆరోగ్య బీమా భరించింది. అద్దె, ఈఎంఐ ఎవరు భరిస్తారు? మూడో నెలలో బండి అమ్మకానికి పెట్టాడు. కొన్నవాడు పెయింట్ మెరుపును మెచ్చుకున్నాడు కానీ, దానికి వేయించిన కోటింగ్‌కు విడిగా ఏమీ ఇవ్వలేదు.

అందుకే ముందు ఎమర్జెన్సీ ఫండ్, అంటే జీతం ఆగితే వాడుకునే డబ్బు. ఇంటి ఖర్చు, ఈఎంఐ కలిపి మీకు నెలకు 69. ఆరు నెలలకు 414, అంటే నాలుగు నెలల జీతం కంటే కాస్త ఎక్కువ. ఇప్పుడు మిగులుతున్న 19 మాత్రమే వేస్తూ పోతే 22 నెలలు పడుతుంది. రైడ్ల ఖర్చు 12 నుంచి 5కు తగ్గిస్తే నెలకు 26 వేయొచ్చు. బోనస్ 150లో 100 కూడా ఇందులోనే పడితే సుమారు ఏడాదిలో నిండుతుంది. ఇది కొట్టొచ్చినట్టు కనిపించే ఖర్చు కాదు, ఫొటో తీసి పెట్టుకునేదీ కాదు. అయినా ఇదే మొదట కావాలి. దీన్ని వేరే ఖాతాలో పెట్టండి, ఆ ఖాతాకు కార్డు గానీ యూపీఐ గానీ కలపొద్దు. 12 రోజుల రైడ్ వచ్చే ఏడాది. రోడ్లు ఎక్కడికీ పోవు.

బోనస్‌లో మిగిలిన 50 మీ కోసం. అందులోంచి ముందు హెల్మెట్. హెల్మెట్ పెట్టుకున్నవారిలో మరణ ముప్పు సుమారు 42 శాతం, తల గాయాల ముప్పు 69 శాతం తగ్గుతాయని వైద్య అధ్యయనాలను క్రోడీకరించే కాక్రేన్ సమీక్ష తేల్చింది. ఇంకో మాట: గట్టి దెబ్బ తగిలిన హెల్మెట్‌ను మళ్లీ వాడకూడదు. లోపలి థర్మోకోల్ లాంటి పొర ఒకసారి నలిగితే రెండోసారి కాపాడదు, పైకి మాత్రం కొత్తదానిలాగే కనిపిస్తుంది. తర్వాత గ్లౌజులు, జాకెట్. ఆ తర్వాత పర్సనల్ యాక్సిడెంట్ పాలసీ. దాంట్లో మరణానికి వచ్చే మొత్తం ఒక్కటే చూసుకుని సంతకం పెట్టకండి. తాత్కాలికంగా పనిచేయలేకపోతే వారానికింత అని ఇచ్చే క్లాజు ఉందో లేదో అడగండి, మీకు కావాల్సింది అదే. మీకేమైనా అయితే అమ్మకు డబ్బు వచ్చేలా మీ పేరు మీద టర్మ్ పాలసీ కూడా తీసుకోండి. దరఖాస్తులో హాబీల గురించి అడిగితే దూరప్రయాణ రైడింగ్ సంగతి దాచొద్దు.

ఇక అప్పు సంగతి. కార్డు ఈఎంఐయా, పర్సనల్ లోనా అని అడిగారు. రెండూ వద్దు. ఇప్పటికే ఉన్న లోన్‌నే చూడండి: 100 రూపాయలు అప్పు తీసుకుంటే 5 ఏళ్లలో సుమారు 133 కడతారు. మొదటి ఏడాది 12 ఈఎంఐల్లో దాదాపు 27 కట్టినా, అసలు తగ్గేది 15 లేదా 16 మాత్రమే. అప్పు ఇలా మెల్లగా తగ్గుతుంటే, బండి విలువ షోరూమ్ దాటగానే పడిపోతుంది. దాని మీద ఇంకో అప్పు చేసి లైట్లు, ఎగ్జాస్ట్ తగిలిస్తానంటే నాకు ఓపిక ఉండట్లేదు, నిజంగా. కార్డులో ‘కనీస చెల్లింపు’ మాత్రమే కడితే నెలకు 3 శాతం వడ్డీ చొప్పున ఏడాదికి 42 శాతం దాటుతుంది. ‘నో కాస్ట్’ ఈఎంఐ (వడ్డీ లేదని చెప్పే వాయిదాలు) అని రాసి ఉన్నా ప్రాసెసింగ్ ఫీజు అడగండి. ఒకేసారి కడితే ఇచ్చే డిస్కౌంట్ ఎంతో కూడా అడగండి, ‘నో కాస్ట్’ అసలు ఖర్చేమిటో మీకే తెలుస్తుంది.

బండి బీమా విషయానికొస్తే, జీరో డిప్ (విడిభాగాల తరుగుదల కోయకుండా క్లెయిమ్ ఇచ్చే యాడ్-ఆన్) తీసుకోండి. టూరింగ్ బైకుల్లో ప్లాస్టిక్, రబ్బరు భాగాలు ఎక్కువ, తరుగుదల కోత వాటి మీదే గట్టిగా పడుతుంది. ఈ వయసు బండికి రిటర్న్ టు ఇన్వాయిస్ (బండి పోయినా, పూర్తిగా దెబ్బతిన్నా కొన్న ఇన్వాయిస్ ధర ఇచ్చేది) కూడా పనికొస్తుంది. మీరు అడగనిది ఒకటి: కొన్నాక బిగించిన పానియర్లు, లైట్లు పాలసీలో రాయించకపోతే పోయినప్పుడు వాటి డబ్బులు రావు. ఎగ్జాస్ట్ మార్చి బీమా కంపెనీకి చెప్పకపోతే క్లెయిమ్ సమయంలో అదే సాకవుతుంది. లైసెన్సు లేని స్నేహితుడికి ‘ఒక్క రౌండ్’ అని తాళం ఇచ్చినా అంతే. పందేల్లో జరిగిన ప్రమాదానికి కవరేజీ ఉండదు. మీటర్ 140 చూపిస్తున్న వీడియో మీరే పెట్టుకుంటే, దాన్ని నష్టం లెక్కగట్టే బీమా సర్వేయర్ కూడా చూడొచ్చు. కొత్త బండి ఫొటోలు పెట్టండి, తప్పేం లేదు. నంబర్ ప్లేటు, ఇంటి గేటు, రోజూ ఆపే చోటు మాత్రం కనిపించనివ్వకండి.

సిప్: ఎమర్జెన్సీ ఫండ్ నిండాక.

పెయింట్ ఫిల్మ్ మొత్తం బండికి అక్కర్లేదు. ప్యాంటు జిప్, బెల్టు బకిల్ రాసుకునే చోట ట్యాంక్ ప్యాడ్ ఒకటి అతికించండి, రాత్రిళ్లు మంచి కవర్ కప్పండి. ఈ రెండూ నెలవారీ రైడ్ల 5లోంచే సరిపోతాయి. షీట్‌లో పదకొండో వరుసను ఒకటో వరుసకు జరిపి, ఎమర్జెన్సీ ఫండ్‌కు ఓ వరుస చేర్చి మళ్లీ పంపండి, చూస్తాను.