మేడ మీద రెండు గదులకూ, లాడ్జి గదికీ ఒకే చిన్న రౌటరు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. విజయనగరంలో మేడ మీద రెండు గదుల అద్దె ఇల్లు. కింద ఉండే ఇంటివారు తమ వైఫై వాడుకోమన్నారు కానీ మీ పడకగదికి వచ్చేసరికి సిగ్నల్ ఉండడం లేదు. నెలకు రెండు మూడుసార్లు ఉద్యోగం పని మీద పార్వతీపురం, రాయగడ వెళ్లి లాడ్జిలో దిగుతారు. రెండు చోట్లా పనికొచ్చే చిన్న రౌటరు ఒకటి కొనాలనుకుంటున్నారు. సిమ్, బ్యాటరీ ఉన్నది కొనాలా, డబ్బా మీద ‘3000’ అని వేసిన వైఫై 6 (వైఫైలో ఆరో తరం) రౌటరు కొనాలా అన్నది సందేహం.

నేను శ్రీకాకుళంలో చిన్న వ్యాపారులకు లెక్కలు రాసి, జీఎస్టీ రిటర్నులు వేస్తుంటాను. నెలలో పది రోజులు పలాస, టెక్కలి, నరసన్నపేటల మధ్యే గడిచిపోతాయి. ఇప్పటికి ఇలాంటి చిన్న రౌటర్లు మూడు కొన్నాను. ఒకటి పూర్తిగా దండగ, రెండోది దండగ అనుకుని పక్కన పడేస్తే తర్వాత మా అత్తయ్యకు పనికొచ్చింది, మూడోది ఇప్పుడు నా సంచిలో ఉంది.

కొనేముందు చూడవలసింది వేగం కాదు, మీ దగ్గరికి ఇంటర్నెట్ ఏ దారిన వస్తుందన్నది. వైరులో వస్తుందా, ఇంకొకరి వైఫైగా వస్తుందా, సిమ్ ద్వారా వస్తుందా? రౌటరు ఇంటర్నెట్‌ను పుట్టించదు, వచ్చినదాన్ని పంచుతుంది. బావిలో నీళ్లు అడుగంటినప్పుడు ఎంత పెద్ద చేద వేసినా పైకొచ్చేది బురదే. ఇది తెలియకే నేను మొదటి తప్పు చేశాను.

ఆ మొదటిది సిమ్ వేసుకునే రౌటరు. విదేశం నుంచి వస్తున్న మా మరిదితో తెప్పించాను. బ్యాటరీ ఉంది, చూడటానికి సబ్బు పెట్టెలా ముచ్చటగా ఉంది. శ్రీకాకుళంలో బాగానే పనిచేసింది. మందస మండలంలో ఒక ఊరికి తీసుకెళ్తే సిగ్నల్ సున్నా. పక్కనే నా ఫోనులో అదే జియో కంపెనీ సిమ్‌తో రెండు గీతలు కనిపిస్తున్నాయి. కారణం తెలుసుకోవడానికి నాకు వారం పట్టింది. జియో 4జీ మన దేశంలో నడిచేది 3, 5, 40 అనే బ్యాండ్ల (ఫ్రీక్వెన్సీ పట్టీల) మీద, అంటే 1800, 850, 2300 మెగాహెర్ట్జ్. ఎయిర్‌టెల్ 1, 3, 8, 40 వాడుతుంది. బీఎస్ఎన్ఎల్ 4జీకి 1, 28 కావాలి. నా పెట్టెలో 3 ఉంది, 5 లేదు, 40 లేదు. 850 లాంటి తక్కువ ఫ్రీక్వెన్సీ దూరం పోతుంది, గోడలు దాటుతుంది. టవర్లు దూరదూరంగా ఉండే పల్లెల్లో ఆదుకునేది అదే. సరిగ్గా అదే నా పెట్టెకు లేదు. జియోకు 2జీ, 3జీ లేవు కాబట్టి వెనక్కి తగ్గి పట్టుకునేందుకు వేరే ఆధారమూ లేదు.

కాబట్టి సిమ్ ఉన్నదే కొనదలిస్తే పెట్టె మీద ‘4జీ’ అని ఉందని సంతోషపడకండి. బ్యాండ్ల అంకెలు చదివి, మీ సిమ్ కంపెనీ అంకెలతో సరిపోల్చండి. అయితే మీకు అది అవసరమని నేను అనుకోవడం లేదు. మీ జేబులో ఫోను ఉంది. సిమ్ రౌటరుకు విడిగా మరో సిమ్, మరో రీఛార్జి, ఛార్జింగ్ పెట్టాల్సిన మరో బ్యాటరీ.

ఫోను హాట్‌స్పాట్ చాలు కదా అంటారేమో. ఒక లాప్‌టాప్, ఒక గంట పని అయితే చాలు, ఏమీ కొనకండి. నా పని వేరు. పలాసలో ఒక జీడిపప్పు పరిశ్రమకు ప్రతి నెలా వెళ్తాను. నెలవారీ రిటర్ను వేసేవారికి 20వ తేదీ గడువు, మా వాళ్లు బిల్లులు చూపించేది 18 సాయంత్రం. రేకుల షెడ్డు, చుట్టూ జీడిపిక్కల బస్తాలు, మూలన ఆఫీసు గది. ఇనుప రేకు కింద మొబైల్ సిగ్నల్ అంతంతమాత్రం. లోపల ఫోను హాట్‌స్పాట్ పెడితే సిగ్నల్ కోసం వెతికి వెతికి ఫోను వేడెక్కిపోతుంది, ఓటీపీ కూడా రాదు.

ఇప్పుడు ఏం చేస్తున్నానంటే, ఫోనును కిటికీ ఊచకు సంచిలో వేలాడదీసి, యూఎస్‌బీ వైరుతో లోపలి రౌటరుకు కలుపుతాను. ఫోను బయటి నుంచి సిగ్నల్ అందుకుంటుంది, వైరు గుండా ఇంటర్నెట్ ఇస్తుంది, అదే వైరు మీద కాస్త ఛార్జ్ కూడా అవుతుంది. లోపల నా లాప్‌టాప్, గుమస్తా కంప్యూటరు, ప్రింటరు అన్నీ రౌటరు వైఫై మీద. దీన్నే యూఎస్‌బీ టెథరింగ్ అంటారు. యూఎస్‌బీ పోర్టు ఉన్న ప్రతి రౌటరూ ఇది చేయదు, కొన్నింటిలో ఆ పోర్టు పెన్‌డ్రైవ్ కోసమే. కొనేముందు వివరాల్లో ‘టెథరింగ్’ అన్న మాట కనిపించాలి. రేపు మీరు 5జీ ఫోను కొంటే, ఈ పాత రౌటరే 5జీని కూడా పంచుతుంది. సిమ్ రౌటరు అయితే మార్చుకోవలసి వచ్చేది.

ఇక లాడ్జి. ఫోనును లాడ్జి వైఫైకి కలిపితే ఒక పేజీ వస్తుంది, గది నంబరో ఓటీపీయో అడుగుతుంది. లాప్‌టాప్‌కు మళ్లీ అదే తంతు. కొన్నిచోట్ల గదికి రెండు పరికరాలకే అనుమతి. ప్రింటరులాంటి వాటికి ఆ పేజీ తెరిచే దారే లేదు. చిన్న రౌటరును రిపీటర్ పద్ధతిలో, అంటే ఒక వైఫైని అందుకుని తన పేరుతో మళ్లీ పంచేలా పెడితే లాడ్జి వైఫైకి అది ఒక్కటే అతిథి. మీరు ఒక్కసారి ఫోనును రౌటరుకు కలిపి ఆ పేజీ నింపితే, రౌటరు వెనుక ఉన్నవన్నీ లోపలికి వెళ్లిపోతాయి. పైగా ఇంట్లో పెట్టిన వైఫై పేరు, పాస్‌వర్డే లాడ్జిలోనూ ఉంటాయి కాబట్టి ఏ పరికరానికీ కొత్తగా ఏమీ చెప్పక్కర్లేదు. నన్ను అడిగితే ఈ రౌటర్ల అసలు సుఖం ఇదే. వేగం తర్వాతి మాట.

ఆ లాగిన్ పేజీ ఒక్కోసారి మొండికేస్తుంది. అప్పుడు ఫోనులో ‘ప్రైవేట్ డీఎన్ఎస్’ (డీఎన్ఎస్ అంటే వెబ్‌సైటు పేరును అంకెల చిరునామాగా మార్చే సేవ), వీపీఎన్ (మన రాకపోకలను మరుగుపరిచే దారి) రెండూ ఆపి చూడండి. రౌటరులోనే డీఎన్ఎస్ మార్చి పెట్టుకుని ఉంటే దాన్నీ తాత్కాలికంగా మామూలు స్థితికి తెండి. ఇంకో చిక్కు నన్ను ఒక రాత్రంతా ఏడిపించింది. రెండోసారి కొన్న రౌటరు చిరునామా 192.168.0.1. ఆ రోజు దిగిన లాడ్జి రౌటరుదీ అదే. ఒకే వీధిలో రెండు ఇళ్లకు ఒకటే డోరు నంబరు ఉంటే పోస్ట్‌మ్యాన్ ఏం చేస్తాడు? కలిసినట్టే కనిపిస్తుంది, ఒక్క పేజీ తెరుచుకోదు. సెట్టింగుల్లోకి వెళ్లి నా రౌటరు చిరునామాను 192.168.77.1 చేశాను, అంతే. మీరు కొన్న రోజే ఇలా ఎవరూ వాడని అంకెకు మార్చేయండి. అడ్మిన్ పాస్‌వర్డ్ మార్చడం, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయడం కూడా ఆ కూర్చున్న కూర్చోవడంలోనే కానిచ్చేయండి.

ఒకటి మాత్రం ఆశించకండి. లాడ్జి వైఫైయే నీరసంగా ఉంటే రౌటరు దానికి ప్రాణం పోయలేదు. మీ ఊరిలోనే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం నాడు ఏ లాడ్జిలోనైనా దిగి చూడండి, గదులన్నీ నిండి అందరూ వీడియోలు పంపుతుంటే ఎవరి రౌటరూ ఏమీ చేయలేదు.

ఆ రెండో రౌటరులో ఇంకో లోపం ఉంది. అది 2.4 గిగాహెర్ట్జ్ ఒక్కదాని మీదే నడుస్తుంది, రేడియో ఒక్కటే. లాడ్జి వైఫై వినేదీ అదే, మన పరికరాలకు చెప్పేదీ అదే కాబట్టి రిపీటర్‌గా పెట్టగానే వేగం సుమారు సగానికి పడిపోతుంది. 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు వైఫై బ్యాండ్లు ఉన్నదైతే ఒకదాని మీద అందుకుని రెండోదాని మీద పంచుతుంది. అందుకే రిపీటర్ కోసమే కొనేవారు ఒక్క బ్యాండ్ ఉన్నది చౌక అని కొనకూడదు.

అయినా ఆ ఒంటి బ్యాండ్ రౌటరు వృథా పోలేదు. నరసన్నపేటలో మా అత్తగారిది పాత పెంకుటిల్లు. అటూ ఇటూ పక్కింటి గోడలే, వీధి నుంచి పెరడు దాకా రైలు పెట్టెల్లా ఒకదాని వెనుక ఒక గది. ఫైబర్ పెట్టె వీధి గదిలో, అత్తయ్య రోజంతా పెరటి వంటగదిలో. మందపాటి గోడలు నాలుగైదు దాటి వైఫై అక్కడికి చేరేది కాదు. వీధి గది నుంచి వంటగది దాకా గోడ పైఅంచు వెంబడి ల్యాన్ వైరు లాగించి, చివర ఈ రౌటరును యాక్సెస్ పాయింట్‌గా, అంటే వైరులో వచ్చే అదే నెట్‌వర్క్‌ను వైఫైగా పంచే పెట్టెగా పెట్టాను. వైరులో వస్తుంది కాబట్టి సగం పడిపోయే గొడవ లేదు. ఇప్పుడు ఆవిడ పోపు వేస్తూ సీరియల్ చూస్తారు, పోపు మాడితే నా రౌటరును అంటారు.

మీ మేడ సంగతికి కూడా నా మొదటి సలహా ఇదే: వైరు. ల్యాన్ వైరు వంద మీటర్ల దాకా బలం తగ్గకుండా పనిచేస్తుంది, మీకు మెట్ల పక్కగా పదిహేను, ఇరవై మీటర్లు చాలు. ఇంటివారు ఒప్పుకుంటే కింద పెట్టె నుంచి వైరు తెచ్చి మీ రౌటరు వ్యాన్ పోర్టుకు (ఇంటర్నెట్ లోపలికి వచ్చే రంధ్రానికి) కలపండి. అయితే మా అత్తయ్య ఇంట్లోలా యాక్సెస్ పాయింట్‌గా కాకుండా రౌటరుగానే ఉంచండి. యాక్సెస్ పాయింట్‌గా పెడితే వాళ్ల టీవీ, మీ లాప్‌టాప్ అన్నీ ఒకే నెట్‌వర్క్‌లో ఒకదానికొకటి కనిపిస్తాయి. రౌటరుగా ఉంచితే మీ పరికరాలు వాళ్లవైపు నుంచి కనబడవు. ఎంత మంచివారైనా ఇంటివాళ్ల పిల్లలు మన ప్రింటరులో బొమ్మలు తీసుకునే అవకాశం ఎందుకు?

వైరుకు ఒప్పుకోకపోతే రిపీటర్ ఉండనే ఉంది. దాన్ని సిగ్నల్ లేని పడకగదిలో పెట్టకండి, అందరూ చేసే తప్పు అదే. సిగ్నల్ ఇంకా బాగున్న చోట, అంటే మెట్ల తలుపు దగ్గర పెట్టండి. కింది నుంచి 2.4 మీద అందుకోమనండి, స్లాబు దాటడానికి 5 గిగాహెర్ట్జ్ కంటే అదే నయం. గదుల్లోకి 5 మీద పంచమనండి.

ఇప్పుడు ఆ ‘3000’. అది రెండు బ్యాండ్ల వేగాలను కలిపి వేసిన అంకె, 574, 2402 కూడితే వచ్చే 2976ను గుండ్రంగా 3000 అని వేస్తారు. మీ ఫోను ఒక సమయంలో వాడేది ఒక బ్యాండునే. కింద ఇంటివారిది వంద ఎంబీపీఎస్ ప్లాను అన్నారు, లాడ్జిలో పది వస్తే పండగ. అంత పెట్టెకు అంత డబ్బు ఎందుకు? జీఎల్ ఐనెట్ వారి బెరిల్ ఏఎక్స్ ఆ కోవలోదే, 2.5 గిగాబిట్ పోర్టుతో నిజంగా మంచి వస్తువు, కానీ ఆఫీసు వీపీఎన్ రోజంతా రౌటరు మీదే నడపాల్సినవారికి, ఇంట్లో పెద్ద ప్లాను ఉన్నవారికి. నా సంచిలో ఉన్నది అదే కంపెనీ ఓపల్: రెండు బ్యాండ్లు, మూడు గిగాబిట్ పోర్టులు, యూఎస్‌బీ పోర్టు, టైప్-సి పవర్. మీకూ అదే చాలు. టీపీ-లింక్ వారి డబ్ల్యూఆర్902ఏసీ ఇంకా చిన్నది, దానికీ రెండు బ్యాండ్లున్నాయి, కానీ ల్యాన్ పోర్టు ఒక్కటే, అది కూడా వంద ఎంబీపీఎస్‌ది. మీ ప్లాను వందే కాబట్టి అది అడ్డు కాదు. ఒకటి రెండు పోర్టులు ఎక్కువ ఉంటే బాగుండునని మాత్రం ఏదో ఒకరోజు అనిపిస్తుంది.

అడాప్టరు సంగతి చాలామంది పట్టించుకోరు. ఓపల్‌కు 5 వోల్టులు, 3 ఆంపియర్లు కావాలి. మొదట్లో నేను పాత ఫోను ఛార్జరుతో నడిపాను, నలుగురు కలవగానే ఆగి మళ్లీ మొదలయ్యేది. రౌటరు పాడైందనుకుని వాపసు పంపబోయాను. దానితో వచ్చిన అడాప్టరునే వెంట పెట్టుకోండి.

బ్యాటరీ లేదే అని బెంగపడకండి. పది వేల ఎంఏహెచ్ పవర్ బ్యాంకులో ఉండేది సుమారు 37 వాట్-అవర్లు, నష్టాలు పోను 30 అనుకుందాం. రౌటరు సగటున 3 వాట్లు లాగితే పది గంటలు వస్తుంది. అయితే ఇంట్లో కరెంటు పోయినప్పుడు కింద ఫైబర్ పెట్టె కూడా ఆగిపోతుంది, మీ రౌటరు ఒక్కటే వెలుగుతూ కూర్చుని ఏం లాభం? ఆ పెట్టెలు ఎక్కువగా 12 వోల్టులవి, మామూలు పవర్ బ్యాంకుతో నడవవు. వాటికి రౌటర్ల కోసం అమ్మే చిన్న యూపీఎస్ విడిగా కొనాలి. అదీ గంటా రెండు గంటల కోతకే. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటాక ఇక్కడి ఊళ్లలో రోజుల తరబడి కరెంటు లేదు, ఫోను సిగ్నళ్లూ లేవు. అలాంటప్పుడు బ్యాటరీ ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే. తుపాను ముందు పవర్ బ్యాంకును ఫోనుకూ, టార్చికీ దాచుకోండి.

మీరు చెప్పని సంగతి ఒకటుంది. కింద ఇంటివారి ఫైబర్ పెట్టె వెనుక ల్యాన్ పోర్టు ఖాళీగా ఉందా? కొన్నింటికి ఒకటే ఉంటుంది, దానికి ఇప్పటికే టీవీ బాక్సు కలిపి ఉండవచ్చు. అలా అయితే ఐదు పోర్టుల చిన్న స్విచ్ (ఒక ల్యాన్ పోర్టును పలు పోర్టులుగా చేసే పెట్టె) ఒకటి కూడా కొనాలి. వెళ్లి ఒకసారి చూసి, ఎన్ని పోర్టులున్నాయో, వాటి పక్కన ఏం రాసి ఉందో ఇక్కడే రాయండి. వైరు ఏ రంధ్రంలో పెట్టాలో చెబుతాను.